ఇల్లు మారిన మాటలు

మనుష్యులు దేశాంతరము పోవునపుడు మూటలతోపాటు మాటలను కూడ మోసికొనిపోవుదురు. ఓడ దిగిన వర్తకుడు తన సరకును అమ్ముకొని తిరిగి పోవచ్చును. కాని ఆ సరకు పేరు మాత్రము దిగిన రేవులోనే నిలిచిపోవును. ఇట్లు ఒక భాషనుండి మరియొక భాషకు చేరిన మాట, క్రొత్త యింట అడుగుపెట్టిన అతిథి వంటిది. ఒక్కటిగా ఉన్నంతవరకు దానికి చిక్కు లేదు. ఒకటి రెండైనప్పుడే ప్రశ్న పుట్టును. ఈ మాటను బహువచనములో ఎట్లు పలుకవలెను? పుట్టినింటి పద్ధతి ప్రకారమా, చేరిన యింటి పద్ధతి ప్రకారమా?

ఈ ప్రశ్న ప్రపంచములోని భాషలన్నిటికిని కలదు. కాని ఆంగ్లభాషను అది వేధించినంతగా వేరొక భాషను వేధించియుండదు. ఏలయన, ఆ భాష యింటికి వచ్చిన అతిథుల సంఖ్య అట్టిది. తొమ్మిదవ, పదవ శతాబ్దములలో స్కాండినేవియానుండి వచ్చిన నావికులు ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడి తమ మాటలను అచ్చటి పల్లెలలో నాటిరి. 1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి మాటలు రాజసభలోను, న్యాయస్థానములలోను ప్రవేశించి వంటయింటివరకు వ్యాపించినవి. పదునారవ శతాబ్దము నాటికి పండితులు గ్రీకు, లాటిను గ్రంథములనుండి మాటలను రాసులుగా తెచ్చి పోసిరి. అటుపిమ్మట వర్తకము, రాజ్యవిస్తరణము పెరిగినకొలది ఇటలీ, అరేబియా, భారతదేశము, జపాను మొదలగు దేశముల మాటలు కూడ వచ్చి చేరినవి.

ఆంగ్లమున నామవాచకమునకు చివర 'స్' చేర్చినచో బహువచనమగునని విద్యార్థులు మొదట నేర్చుకొందురు. పూర్వమిది ఒక్కటే మార్గము కాదు. ఆ యింటి సొంత పిల్లలే పలువిధములుగా బహువచనమును పొందుచుండిరి. 'ఫుట్' అను మాట 'ఫీట్' అగునప్పుడు, 'మౌస్' అను మాట 'మైస్' అగునప్పుడు లోపలి అచ్చు మారును. 'ఆక్స్' అను మాటకు 'ఆక్సెన్' అనియు, 'చైల్డ్' అను మాటకు 'చిల్డ్రన్' అనియు చివర నకారము వచ్చును. ఒకప్పుడు కన్నులను, చెప్పులను సైతము ఇట్లే నకారాంతముగా పలికెడివారు. నేడు అవి 'ఐస్' అనియు, 'షూస్' అనియు మారినవి. అనగా, ఇంటివారికే ఒక కట్టుబాటు స్థిరపడని కాలమున అతిథులు గుంపులుగా వచ్చిపడిరన్నమాట. ఆ కాలమున సామాన్యులు పడిన యిబ్బందిని తెలుపు వృత్తాంతమొకటి కలదు.

ఇంగ్లండులో మొట్టమొదట అచ్చుయంత్రమును నెలకొల్పినవాడు విలియం కాక్స్‌టన్. అతడు 1490లో అచ్చువేసిన ఒక గ్రంథమునకు తానే పీఠిక వ్రాసి, అందు ఈ కథను చెప్పెను. కొందరు వర్తకులు థేమ్సు నదిలో ఓడ నెక్కి, సముద్రమునకు ఆవలనున్న జీలండునకు బయలుదేరిరి. గాలి వీచలేదు, ఓడ కదలలేదు. వారు తీరమున దిగి, ఆహారము కొరకు ఒక యింటికి పోయిరి. వారిలో షెఫీల్డు అనువాడు ఆ యిల్లాలిని గ్రుడ్లు కావలెనని అడిగెను. అతడు పలికిన మాట 'ఎగ్గెస్'. ఆ యిల్లాలు, తనకు ఫ్రెంచి భాష రాదని బదులు చెప్పెను. వర్తకునకు కోపము వచ్చెను. ఏలయన, అతనికిని ఫ్రెంచి రాదు. అతడు పలికినది ఆంగ్లమే! అంతలో మరియొకడు ముందునకు వచ్చి 'ఐరెన్' కావలెనని అడిగెను. ఆమె వెంటనే గ్రహించి, అతని మాట చక్కగా తెలిసినదని చెప్పెను.

ఆ రెండు మాటలకును అర్థము గ్రుడ్లే. 'ఐరెన్' అనునది ఆ దేశపు పాత మాట. 'చిల్డ్రన్' వలెనే నకారముతో ముగియు బహువచనము. 'ఎగ్' అనునది స్కాండినేవియా నావికులు ఉత్తరదేశమునకు తెచ్చిన మాట. దానికి 'స్' చేరి బహువచనమైనది. ఒకే దేశమున, ఒకే కాలమున, ఆకలిగొన్న మనుష్యునకును వంటయింటి యిల్లాలికిని నడుమ ఒక పరభాషాపదము అడ్డుగోడయై నిలిచినది. ఇక ఏ మాటను అచ్చువేయవలెనని కాక్స్‌టన్ తల పట్టుకొనెను. తుదకు గెలిచినది అతిథియే. ఐదువందల యేండ్లకు పైబడిన పిమ్మట నేడు 'ఐరెన్' అనిన ఇంగ్లండులో ఎవరికిని తెలియదు. ఈ తీర్పు చెప్పినది రాజు కాదు, పండితుడు కాదు. దినదినము గ్రుడ్లు కొనువారును అమ్మువారును కలిసి, తమకు తెలియకయే ఈ తీర్పును చెప్పిరి.

సకారము ఇట్లు ఇంటి పెత్తనమును చేజిక్కించుకొనిన పిమ్మట, దాని ప్రభావము ఎంతవరకు పోయినదో చూచిన నవ్వు వచ్చును. నార్మన్ ఫ్రెంచి భాషలో ఒక చిన్న యెఱ్ఱని పండునకు 'చెరీజ్' అని పేరు. అది ఏకవచనమే. కాని ఆంగ్లేయుల చెవికి చివరనున్న 'జ్' అను ధ్వని తమ బహువచన ప్రత్యయమువలె వినబడెను. పండ్లు పెక్కులు ఉన్నప్పుడు 'చెరీజ్' అయినచో, ఒక్క పండు 'చెరీ' కావలెను గదా యని వారు తలచిరి. ఆ పండు పేరు నేటికిని 'చెరీ'యే. బఠాణీ గింజకును ఇదే గతి పట్టెను. లాటినునుండి వచ్చిన 'పీజ్' అను మాట ఏకవచనమే అయినను, దానిని బహువచనమని భ్రమించి, పదునేడవ శతాబ్దమున 'పీ' అను క్రొత్త ఏకవచనమును సృష్టించిరి. తప్పు విని పుట్టించిన మాటలే నేడు నిఘంటువులలో ఒప్పు మాటలై కూర్చున్నవి.

సామాన్యజనుల మాటల సంగతి ఇట్లుండగా, గ్రంథములద్వారా వచ్చిన గ్రీకు, లాటిను మాటల సంగతి వేరు. అవి పండితుల వెంట వచ్చిన గౌరవాతిథులు. తమ వస్త్రములను, తమ ఆచారములను వదలక వచ్చినవి. 'రేడియస్' అను మాటకు బహువచనము 'రేడియై'. 'ఫార్ములా' అను మాటకు 'ఫార్ములే'. 'బాక్టీరియం' అను మాటకు 'బాక్టీరియా'. 'క్రైటీరియన్' అను మాటకు 'క్రైటీరియా'. 'ఫినామినన్' అను మాటకు 'ఫినామినా'. వీనిని సరిగా పలుకవలెనన్న ఆ ప్రాచీన భాషల వ్యాకరణము కొంతయైనను తెలియవలెను. ఆ వ్యాకరణము ఎవరికి తెలియును? ఇంగ్లండులో 'గ్రామరు పాఠశాల' అను పేరునకు మొదట అర్థము లాటిను వ్యాకరణము నేర్పు పాఠశాల యనియే. బాలికలకును, కూలివాని పిల్లలకును ఆ తలుపులు చాలకాలము తెరువబడలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో 1919 వరకును, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో 1920 వరకును గ్రీకు భాష తెలియనివానికి ప్రవేశమే దుర్లభముగా నుండెను. కావున ఒక చిన్న బహువచన ప్రత్యయము, పలికినవాడు ఏ యింట పుట్టెనో, ఏ బడిలో చదివెనో బయటపెట్టు గుర్తుగా మారెను. మాట తప్పినచో నవ్వుదురను భయము, చదువు అందనివారి నాలుకకు సంకెలయ్యెను.

భయమునుండి పుట్టిన వినయము వేరు, జ్ఞానమునుండి పుట్టిన వినయము వేరు. భయపడినవాడు ఒక్కొక్కప్పుడు అవసరమునకు మించిన జాగ్రత్త వహించి, అసలు లేని తప్పును చేయును. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము 'ఆక్టోపస్' అను సముద్రజంతువు పేరు. దీనికి ఎనిమిది బాహువులు. గ్రీకుభాషలో ఆ పేరునకు 'ఎనిమిది పాదములు కలది' అని అర్థము. 'రేడియస్' అను మాట 'రేడియై' అగుటను చూచినవారు, 'ఆక్టోపస్' అను మాట 'ఆక్టోపై' కావలెనని తలచిరి. పలుకుటకు గంభీరముగా, పండితుని మాటవలె నుండును. కాని 'రేడియస్' లాటిను మాట. 'ఆక్టోపస్' గ్రీకు మాట. గ్రీకు పద్ధతిలో దాని బహువచనము 'ఆక్టోపొడీస్' కావలెను. 1926లో ఆంగ్లభాషాప్రయోగములను గూర్చి ప్రసిద్ధ గ్రంథమును రచించిన ఫౌలర్ అను పండితుడు 'ఆక్టోపై' అను రూపము తప్పని త్రోసిపుచ్చెను. వింత యేమనగా, చదువుకొనని జాలరివాడు ఏ సందేహమును లేక 'ఆక్టోపసెస్' అని పలికినచో అది దోషము లేని ఆంగ్లము. నిఘంటువులు నేడు మొదట చూపునది ఆ రూపమునే. 'ఆక్టోపై' కూడ ఇంతకాలము పలుకబడుటచే నిఘంటువులలో చోటు సంపాదించినదనుట వేరు సంగతి.

'ఇగ్నొరేమస్' అను మాట మరియు చమత్కారమైనది. దీనికి ఆంగ్లమున 'అజ్ఞాని' అని అర్థము. చివర 'అస్' అని వినబడుటచే దీనిని గూడ 'ఇగ్నొరేమై' అని మార్చబోవువారు కలరు. కాని లాటినులో ఇది నామవాచకమే కాదు. 'మేము ఎరుగము' అను అర్థముగల క్రియ! పూర్వము ఇంగ్లండు న్యాయస్థానములలో, నేరారోపణకు చాలిన సాక్ష్యము లేనప్పుడు విచారించు పెద్దలు ఆ పత్రము వెనుక ఈ మాటను వ్రాసెడివారు. క్రియకు నామవాచకపు బహువచనమును తగిలింప పూనుకొనువాడు, ఆ మాటకు తానే అర్థమై నిలుచును. 'వైరస్' అను మాట కూడ ఇట్టిదే. లాటినులో దానికి విషమని అర్థము. ఆ ప్రాచీన గ్రంథములలో దానికి బహువచనరూపము కానరాదు. కావున 'వైరసెస్' అని యింటి పద్ధతిలో పలుకుటయే సరియైనది.

కాలము గడచినకొలది గౌరవాతిథులు సైతము ఇంటి మనుష్యులైపోవుదురు. 'అజెండా' అను మాటకు లాటినులో 'చేయవలసిన పనులు' అని అర్థము; అది బహువచనము. నేడు సభలో ఒక్క కాగితము మీద వ్రాసిన కార్యక్రమము 'అజెండా'. అట్టివి రెండైనచో 'అజెండాస్'. 'ఆపరా' అను సంగీతనాటకపు పేరు కూడ లాటినులో బహువచనమే. ఇటలీ భాషలో ఏకవచనమైనది. ఆంగ్లమున తిరిగి సకారమును పొందినది. 'డేటా' అను మాట ఇంకను నడిత్రోవలో నున్నది. లాటినులో అది 'డేటమ్' అను మాటకు బహువచనము. అనగా 'ఇయ్యబడిన విషయములు'. శాస్త్రజ్ఞులు పలువురు దానిని బహువచనముగనే వ్రాయుదురు. తక్కినవారు దానిని నీటివలె కొలుచు పదార్థముగా భావించి ఏకవచనమున వాడుదురు. ఈ సందేహము తెలుగు విద్యార్థులకు వింతగా తోపనక్కరలేదు. ఆంగ్లేయునకు పాలు, నీళ్లు ఏకవచనములు. తెలుగువానికి అవి ఎల్లప్పుడును బహువచనములు. పాత్రలోని పదార్థము ఒక్కటియే. దానిని చూచు కన్నులే వేరు.

కొన్ని మాటల విషయమున ఆ భాష మరియొక ఉపాయమును కనుగొన్నది. రెండు బహువచనములనును ఉంచుకొని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పనిని అప్పగించినది. కీటకముల తలపై నుండు స్పర్శాంగములు 'ఆంటెన్నీ'. రేడియో తరంగములను అందుకొను కడ్డీలు 'ఆంటెన్నాస్'. పుస్తకము చివరనుండు పదసూచికలు 'ఇండెక్సెస్'. గణితశాస్త్రములోని ఘాతాంకములు 'ఇండిసెస్'. వార్తలను ప్రజలకు అందించు సాధనములు 'మీడియా'. మృతుల ఆత్మలతో సంభాషింతుమని చెప్పుకొనువారు 'మీడియమ్స్'. పుట్టినింటి చీర ఒకటి, మెట్టినింటి చీర ఒకటి పెట్టెలో ఉంచుకొని, సందర్భమునుబట్టి కట్టుకొనుటవంటిదే ఈ యేర్పాటు.

ఒక్కొక్కప్పుడు ఒక్క మాటకే రెండు చీరలును ఒకదానిపై నొకటి కట్టుదురు. హీబ్రూ భాషలో 'కెరూబ్' అనగా దేవదూతలలో ఒక విధమువాడు. దానికి ఆ భాషలో బహువచనము 'కెరూబీమ్'. 1611లో ఇంగ్లండు రాజు జేమ్సు ఆజ్ఞచే వెలువడిన బైబిలు అనువాదములో, ఆ బహువచనమునకే సకారమును గూడ చేర్చి 'చెరుబిమ్స్' అని వ్రాసిరి. తెలుగు అనువాదకులు ఈ చిక్కులో పడలేదు. వారు ఏకవచనమును గ్రహించి, దానికి తెలుగు ప్రత్యయమును చేర్చి 'కెరూబులు' అనిరి.

ఈ విషయమున తెలుగువారి అనుభవము మిక్కిలి ప్రాచీనమైనది. సంస్కృతమునుండి వేలకొలది మాటలు వచ్చి చేరినపుడు, తెలుగు వానిని ఆదరముతో స్వీకరించి, తన ప్రత్యయములను తొడిగినది. 'రామ' శబ్దమునకు డువర్ణమును చేర్చి 'రాముడు' అనియు, 'వృక్ష' శబ్దమునకు మువర్ణమును చేర్చి 'వృక్షము' అనియు పలికిరి. బహువచనమున సంస్కృతములోవలె 'వృక్షాః' అనక, 'వృక్షములు' అనిరి. పందొమ్మిదవ శతాబ్దమున పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణము ఇట్టి మార్పులను సూత్రములుగా కట్టినది. సంస్కృతమును దేవభాషగా పూజించినవారే, తెలుగు వాక్యములో దానికి తెలుగు బహువచనమును తొడుగుటకు సంకోచింపలేదు. అది అపచారమని ఎవరును తలపలేదు.

అరబ్బీ, పారసీక పదముల విషయమునను ఇదియే పద్ధతి. 'హక్కు' అరబ్బీ మాట. ఆ భాషలో దాని బహువచనము 'హుఖూఖ్'. తెలుగు రైతు తన పొలముమీద అడుగునవి మాత్రము 'హక్కులు'. 'నవాబు' అను మాట మరియు వింతైనది. అరబ్బీలో 'నాయిబ్' అనగా ప్రతినిధి. దాని బహువచనము 'నువ్వాబ్'. పెద్దవారిని గౌరవార్థము 'మీరు', 'వారు' అని తెలుగువారు బహువచనమున పిలుచునట్లే, ఒక్క ప్రతినిధిని సైతము గౌరవార్థము ఆ బహువచనముతో పిలిచిరి. అది 'నవాబు' అయినది. మరల తెలుగులో లువర్ణము చేరి 'నవాబులు' అయినది. ఆంగ్లేయులు దానినే 'నేబాబ్' అని పలికి, సకారమును చేర్చి 'నేబాబ్స్' అనిరి. బహువచనముపై బహువచనము!

తెలుగునాటినుండి ఆంగ్లమునకు పోయిన అతిథియు ఒకటి కలదు. ధాన్యపు గాదెలను త్రవ్వి పాడుచేయు పందికొక్కు పేరు ఓడలెక్కి 'బాండికూట్' అయినది. అంతటితో ఆగక ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట పిల్లలను సంచిలో మోయు వేరొక జంతువునకు పేరైనది. ఆంగ్లమున వాని బహువచనము 'బాండికూట్స్'. 'పందికొక్కులు' అని పలుకలేదని తెలుగువారెవరును ఆంగ్లేయులపై కినుక వహింపలేదు. మరాఠీ భాషనుండి పోయిన 'మాంగూస్' అను మాట తెలుగు ముంగిసకు చుట్టము. 'గూస్' అనగా బాతుజాతి పక్షి. దాని బహువచనము 'గీస్'. అందుచే ముంగిసలను 'మాంగీస్' అని పిలువబోయి పొరపడు విద్యార్థులు అనేకులు. ముంగిసకును ఆ పక్షికిని పుట్టుకలో పొత్తు లేదు. వాని పేరులు చివర ఒక్కరీతిగా వినబడుటయే కలదు. కావున 'మాంగూసెస్' అనుటయే సరి.

ప్రతిదినము వాడుకలో నున్న ఒక మాటలో ఈ చరిత్ర యంతయు ఇమిడియున్నది. 1820ల దశకమున ఫ్రాన్సులో, బాడుగ చెల్లించిన ప్రతివానిని ఎక్కించుకొను గుఱ్ఱపు బండికి 'ఆమ్నిబస్' అని పేరు పెట్టిరి. 1829 జులై 4వ తేదీన జార్జి షిల్లిబీర్ అనునతడు లండను నగరమున అట్టి బండిని నడపుట ప్రారంభించెను. 'ఆమ్నిబస్' అనగా లాటినులో 'అందరికొరకు'. అది చతుర్థీ విభక్తి, బహువచనము. ప్రజలకు అంత పొడవైన పేరుతో పనిలేదు. వారు తల నరికి, తోకను మాత్రము ఉంచుకొనిరి. ఆ తోకయే 'బస్'. 'అందరికొరకు' అను మాటలో 'అందరి' అనుదానిని విడిచి, 'కొరకు' అను విభక్తి ప్రత్యయపు తునకతో బండిని పిలుచుటవంటిది ఈ పని. పుట్టుకచే బహువచన ప్రత్యయపు ముక్కయైన ఆ మాటకు ఆంగ్లేయులు మరల బహువచనమును చేర్చి 'బసెస్' అనిరి. తెలుగువారు 'బస్సులు' అనిరి. లాటిను పండితుడు దీనిని చూచి తల గోడకు కొట్టుకొనవచ్చును. బస్సు మాత్రము వేళకు కదలుచునే యున్నది.

బస్సుతోపాటు వచ్చిన రైలును చూడుడు. 'ఊరు' అను మాట 'ఊళ్లు' అగునట్లు, 'వేలు' అను మాట 'వేళ్లు' అగునట్లు, 'రైలు' అను పరదేశపు మాట 'రైళ్లు' అయినది. 'గ్రుడ్డు', 'గ్రుడ్లు' అనునట్లు 'రోడ్డు', 'రోడ్లు' అయినవి. ఇది ప్రత్యయమును చేర్చుట మాత్రమే కాదు. ఇంటిలో పుట్టిన బిడ్డకు జరుగు సంధికార్యము అతిథికిని జరుగుట. ఇట్లు పలుకుమని ఏ పాఠశాలయు నేర్పలేదు. రైలుపట్టా ప్రక్కన నిలిచి చూచిన పల్లెవాసుల నాలుకయే ఈ మార్పును చేసినది.

అయినచో నియమములతో పని లేదా? ఎవరికి తోచినట్లు వారు పలుకవచ్చునా? అట్లు తలచుట కూడ పొరపాటే. ఒక్క సూక్ష్మజీవిని చూచితినో పెక్కింటిని చూచితినో తెలియజేయవలసిన వైద్యునకు 'బాక్టీరియం', 'బాక్టీరియా' అను భేదము ముఖ్యము. పరీక్షపత్రములో ఒక్క కొలబద్దను చెప్పవలసినచోట 'క్రైటీరియా' అని వ్రాసినచో అది నేటికిని దోషమే. కాక్స్‌టన్ కథలోని వర్తకునకు ఆకలి తీరకపోవుటకు కారణము, పలికినవానికిని విన్నవారికిని నడుమ సమ్మతి లేకపోవుటయే. నియమము అట్టి సమ్మతికి పేరు. కావున సందేహము కలిగినప్పుడు నిఘంటువును తెరచి చూచుట విద్యార్థి ధర్మము. కాని నియమము తెలిసినవాడు తెలియనివానిని చూచి నవ్వుట విద్య కాదు. నవ్వబోవు ముందు, 'చెరీ' అను మాట ఎట్లు పుట్టినదో అతడు ఒకమారు తలచుకొనవలెను. ఆంగ్లము మాతృభాషగా గలవారే ఈ మాటలయొద్ద తడబడుచుండగా, దానిని పాఠశాలలో నేర్చుకొను తెలుగు బాలబాలికలు ఒక్క ప్రత్యయము తప్పినదని తలవంచుకొని మౌనము వహింపనక్కరలేదు. తప్పును దిద్దుకొనుటకు మార్గము కలదు. పలుకని మాటను దిద్దుటకు మార్గము లేదు.

ఈ తీర్పులు పూర్వకాలముననే ముగిసినవని తలంపరాదు. జపాను భాషలో 'ఎ' అనగా చిత్రము. 'మోజి' అనగా అక్షరము. చరవాణులలో నవ్వు మొగమును, ఏడుపు మొగమును చూపు చిన్న బొమ్మలకు 'ఎమోజి' అను పేరు అచ్చటినుండి వచ్చినది. జపాను భాషలో సామాన్యముగా ఏకవచన బహువచన భేదము లేదు. ఒక బొమ్మయైనను నూరు బొమ్మలైనను ఆ మాటయే. ఆంగ్లమున కొందరు దానిని అట్లే ఉంచి 'ఎమోజి' అనుచున్నారు. మరికొందరు సకారమును చేర్చి 'ఎమోజీస్' అనుచున్నారు. రెండు రూపములును నిఘంటువులలో ప్రక్కప్రక్కన నిలిచి, తీర్పు కొరకు వేచియున్నవి. ఆ తీర్పును చెప్పువారు వృద్ధపండితులు కారు. ఆ బొమ్మలను దినదినము పంపుకొను బాలబాలికలే. తెలుగు పిల్లలు మాత్రము ఈ విషయమున ఆలోచనకే తావీయక, తాతముత్తాతలు 'హక్కులు' అనినట్లే, 'బస్సులు' అనినట్లే, 'ఎమోజీలు' అని ఆ అతిథికి అప్పుడే పీట వేసి కూర్చుండబెట్టినారు.